కొవ్వుతో సహా

సాల్తో ఊళ్లో మలాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లంతా బస్సెక్కి రాజధాని మాంటెవీడియోకు పరుగెత్తాల్సిందే. చిన్న రంధ్రాల్లోంచి పనిముట్లు పంపి, తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్ అక్కడివాళ్లకే వచ్చు. డాక్టర్ గ్రసియానా ఒలగరాయ్‌కి ఈ సంగతి ఒంటికి కారం రాసినట్టుండేది. ఏళ్ల తరబడి పొట్ట బారెడు కోసి ఆపరేషన్లు చేసిన ఆవిడ, నడివయసులో మళ్లీ విద్యార్థిని అయింది.

రాజధాని నుంచి వచ్చి నేర్పే బెంతోస్ పొగడ్త ఎరగని మనిషి. తను సరేననే దాకా రోగి మీద చేయి వేయనివ్వనన్నాడు. మొదటి రోగి మాత్రం సిద్ధంగా ఉన్నాడు, రిటైరైన పంతులు నెపొముసేనో. రేడియేషన్ అయ్యాక ఆపరేషన్‌కి ముందు ఆగాల్సిన కొద్ది వారాలే ఆమెకున్న గడువు. అది దాటితే ఆయన రాజధానికి పోతాడు, టికెట్టు కూడా కొనేసుకున్నాడు.

గ్రసియానా ప్లాస్టిక్ డబ్బాకి రంధ్రాలు పెట్టి, కసాయి అనీబల్ ఇచ్చిన ఎద్దు పేగు మీద సాధన చేసింది. చేయి చకచకా తిరిగింది. పరీక్ష రోజున బెంతోస్ పంది నడుము భాగం పెట్టాడు. ఆమె గబగబా మలాశయాన్ని తీసి చూపించింది. దాని చుట్టూ ఉండే కొవ్వు పొర పీలికలైపోయింది.

"రోగం దాక్కునేది ఈ కొవ్వులోనే కదమ్మా. ఇది చిరిగితే మళ్లీ తిరగబెడుతుంది. దేని మీద నేర్చుకున్నావు నువ్వు?"

అనీబల్ పేగుని కొవ్వు గీకేసి, వెనిగర్‌తో కడిగి, నిప్పుల మీద కాల్చుకోడానికి ఇచ్చినట్టే ఇచ్చేవాడు. పుట్టినప్పట్నుంచీ తిన్న పేగు అదే గనక ఆమెకి తేడా తోచలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అక్కణ్నుంచి తిన్నగా కసాయి కొట్టుకే వెళ్లింది.

"ఇకనుంచి కొవ్వు తియ్యకు. చుట్టూ ఉండే నడుము ఎముకతో సహా ఇయ్యి."

"అట్లా ఇస్తే ఊళ్లో నా పరువేంగాను, డాక్టరమ్మా?"

"నాది ఇప్పటికే పోయింది. నువ్వియ్యి."

ఈసారి వేగం మాట మరిచిపోయింది. పొర చిరిగిన ప్రతిసారీ పారేసి మొదట్నుంచి మొదలుపెట్టింది. గడువు ముగిసేలోపు బెంతోస్ మళ్లీ వచ్చాడు. ఆమె తీసిచ్చినదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పొర నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది.

"ఇంకోటి చెయ్యి," అన్నాడు. చేసింది. అదీ అలాగే వచ్చింది.

"సరే, ఆయన్ని రమ్మను. పక్కన నేనుంటాను."

గ్రసియానా వెంటనే ఫోన్ చేసింది. "పంతులుగారూ, ఆ టికెట్టు తిరిగిచ్చేయండి."

"నువ్వు తప్పిన రోజే ఇచ్చేశానమ్మా."

"తప్పిన రోజా? అదేంటండీ?"

"తిన్నగా కసాయి కొట్టుకెళ్లి కొవ్వు కోసం పోట్లాడావంటగా. అనీబల్ చెప్పాడులే."