కోఫీ పేరు చూసి కుళ్ళుకున్నాను

ఈ రోజు సెలవు. ఇక్కడ గల్ఫ్‌లో వరల్డ్ కప్ స్టేడియం పనిలో నాతోపాటు స్కాఫోల్డింగ్ కట్టే కోఫీ, ఇండస్ట్రియల్ ఏరియాలో తమ ఘనా వాళ్ల సంఘం మీటింగుకి రమ్మన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆసరాగా ఉంటూ, తమ నల్లజాతి చరిత్ర చెప్పుకునే సంఘం అది. ఇక్కడి మన తెలుగు సంఘంలోనైతే శాలువా ఎవరికి కప్పాలన్న గొడవతోనే పొద్దు పోతుంది. నా కుళ్ళు అక్కడే మొదలైంది.

వాళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారట. కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడు. పూర్వం ఓడల్లో బానిసలుగా తోలుకుపోయిన వాళ్లు కూడా ఆ పేర్లు వదులుకోలేదని ఒక పెద్దాయన చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. కోఫీ నా వైపు తిరిగి, "భాయ్, నువ్వు ఏ వారం పుట్టావు?" అని హిందీలో అడిగాడు. నాకు తెలియదు. పాస్‌పోర్టులో ఉన్న జూన్ ఒకటి బడిలో సారు వేసిన తేదీ. మా ఊళ్లో సగం మంది ఆ రోజే పుట్టారు.

బయటికొచ్చి ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్‌ల ఉండి గిదేం అడుగుడురా? ఐతారం పుట్టినవనే గద ఐతయ్య అని పెట్టినం. బడిల పోరగాళ్లు నవ్వుతున్రని ఏడ్చి అజయ్ అని రాయించుకున్నది నువ్వే."

లోపలికెళ్లి ఆదివారం అన్నాను.

"అయితే నువ్వు క్వాసీ" అని కోఫీ భుజం తట్టాడు. మళ్లీ చప్పట్లు.

సంకెళ్లతో పోయినవాళ్లు దాచుకున్నదాన్ని నేను నలుగురు పిల్లలు నవ్వినందుకు పారేసుకున్నాను. మీలోనూ ఇలా పేరు మార్చుకున్నవాళ్లు ఉంటే, పాత పేరుతో కామెంట్ పెట్టండి. చదివేది ఐతయ్యే.