మత్తులో చెప్పిన చిరునామా

మా ముత్తాత జగన్నాథం గారు, తాత నరసయ్య గారు హుమ్మ ఉప్పుమళ్లలో పండిన ఉప్పును బరంపురం నుంచి ఊరూరికీ పంపిన టోకు వర్తకులు. పరాయివాళ్ల ముందు నోరు జారకూడదన్నది మా ఇంటి నియమం. పన్ను పీకించుకోవడమంటే మాత్రం నాకు వణుకు.

దంతవైద్యురాలు మూడు దారులు చెప్పింది. చిగుళ్లకు సూది ఒక్కటే వేయడం, దాంతోపాటు ముక్కుకు గ్యాస్ పెట్టడం, లేదా నరానికి మత్తుమందు ఎక్కించడం. మొదటి రెంటిలో మెలకువగా ఉంటాను, అరుస్తానేమోనని మూడోది ఎంచుకున్నాను. "ఇంటికి దిగబెట్టే మనిషి తప్పనిసరి" అందామె. నా భయం భార్యకు తెలియడం ఇష్టం లేక, నేను గుమస్తాగా ఉన్న కొట్లో కొత్తగా చేరిన సూర్యాన్ని తీసుకెళ్లాను.

పన్ను ఎప్పుడు తీశారో తెలియలేదు. ఆటోలో సూర్యం, "ఇల్లెక్కడ సారూ? సెప్పండి, ఎల్దాం" అన్నాడట. నేను చెప్పిన వీధికే తీసుకెళ్లాడు. తలుపు తీసిన ముసలాయన మీద, నోట్లో దూదితోనే, "నా ఇంట్లో నీకేటి పని? బయటికి నడు!" అని అరిచాను. అది మాత్రం బాగా గుర్తుంది. వీధిలో జనం పోగయ్యారు.

ఆయన కోప్పడలేదు. కుర్చీ తెచ్చి వేసి, "కూకోండి బాబూ, మత్తు దిగనీండి" అన్నాడు.

"ఇది మీ ఇల్లు కాదేటి సారూ?" అని సూర్యం అడిగాడు.

ఒక్క మనిషి దగ్గర దాచబోయిన పిరికితనం నన్ను వీధి మొత్తం ముందు నిలబెట్టింది. నా భార్యే వెంట ఉంటే ఆటోను ఆ వైపు తిప్పనిచ్చేది కాదు. ఆ ఇల్లు మేము అమ్మేసి పదకొండేళ్లయింది.