ఎవరో, పాపం

బస్సు డ్రైవరుకి కూతురి విషయంలో ఇంట్లో ఒక ముఖం, వీధిలో ఒక ముఖం ఉండేవి. ఇంట్లో ఆమెకి జడ ఆయనే వేసేవాడు. తల్లి వేస్తే దువ్వెన లాగుతుంది, తండ్రి లాగడు. చొక్కాల మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్ ముక్కలు కత్తిరించి పెట్టేవాడు. కుక్కర్ కూత వేయబోతుంటే పరుగున వెళ్లి స్టవ్ తగ్గించేవాడు. చిన్నప్పుడు విన్న మాట విన్నట్టే తిరిగి పలికేదని "పిట్ట" అని ముద్దుపేరు పెట్టిందీ ఆయనే. ఇప్పుడా పిట్టకి పాతికేళ్లు దాటాయి. ఇన్నేళ్ల సర్వీసులో తనకో కూతురుందన్న మాట మాత్రం డిపోలో ఆయన నోటివెంట రాలేదు. అలాగని లేదనీ అనలేదు. ఎవరైనా పిల్లల ఊసెత్తితే ఆయనకి టైర్లలో గాలి చూసుకునే పని గుర్తొచ్చేది, అంతే.

పిట్ట ప్రతి శనివారం కూరగాయల గదికి వెళ్లేది. మార్కెట్లోనూ దుకాణాల్లోనూ మిగిలిపోయిన కూరలూ పళ్లూ అక్కడికి చేరతాయి. బాగున్నవి ఏరి, అవసరమున్నవాళ్లకి ఊరికే ఇస్తారు. ఏరేదీ ఇచ్చేదీ చాలావరకు పిట్టలా ఆటిజం ఉన్నవాళ్లే. నడిపేది రిటైరైన ఒక టీచరమ్మ. ఆవిడ వాళ్లని "మా పిల్లలు" అనేది. ఆ పిల్లల్లో ఒకాయనకి గడ్డం నెరిసింది. ఆయన క్యారెట్లు తప్ప మరొకటి ముట్టడు; ముట్టినవి మాత్రం పెళ్లికూతుళ్లలా తయారయ్యేవి. పిట్టది ముందు బల్ల. వచ్చినవాళ్ల సంచీ తీసుకుని, ఇంట్లో ఎంతమందో అడిగి, నింపి ఇవ్వడం ఆమె పని.

మొదట్లో తల్లి తీసుకెళ్లేది. ఆవిడ మోకాలు మొరాయించాక ఆ పని డ్రైవరు మీద పడింది. ఆయన కూతుర్ని గుమ్మం దగ్గర దింపి, ఎదురుగా ఉన్న పంక్చర్ల షాపు బల్ల మీద కూర్చుని, పనయ్యేదాకా పేపరు వెనక దాక్కునేవాడు.

ఒక శనివారం జోరున వాన. పంక్చర్ల షాపు మూసి ఉంది. వేరే దారి లేక గది లోపలికి వచ్చి గోడవారగా నిలబడ్డాడు. చూస్తే తన బస్సు కండక్టరే, గళ్ల చొక్కాలో, మడతపెట్టిన సంచీ చంకలో దాచుకుని, వరుస చివర తలొంచుకుని ఉన్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరికీ ముఖాలు మాడిపోయాయి.

"మీరూ ఇందుకేనా అండీ?" అన్నాడు కండక్టరు మెల్లగా.

కాదంటే మరెందుకో చెప్పాలి. "ఇందుకేనోయ్," అన్నాడు డ్రైవరు. పక్కన మేకుకి వేలాడుతున్న గుడ్డసంచీ ఒకటి అందుకుని అతని వెనకే నిలబడ్డాడు. కండక్టరు ప్రాణం కుదుటపడింది. భార్యకి ఆపరేషనయ్యాక ఇల్లు గడవడం లేదని, ఎవరితోనూ అనని సంగతులన్నీ చెప్పుకుపోయాడు. డ్రైవరు ఊ కొడుతూ, ఈ వరుస ఇక్కడే ఆగిపోతే బాగుండునని చూస్తున్నాడు.

వరుస ఆగలేదు. కండక్టరు సంచీ నింపించుకుని, పక్కకి జరిగి ఆయన కోసం నిలబడ్డాడు.

"నాన్నా, నువ్వెందుకు లైన్లోకి వచ్చావు? మనింట్లో కూరలున్నాయి," అంది పిట్ట. ఆమె గొంతుకి గుసగుస తెలియదు. గదంతా విన్నది.

కండక్టరు ఆయన వంక చూశాడు. డ్రైవరు ఒక నవ్వు నవ్వి, "ఎవరో, పాపం. అందరినీ నాన్నా అంటుంది కాబోలు," అన్నాడు.

ఆ మాట తన చెవినా పడింది. అయినా వెనక్కి తీసుకోలేదు. తీసుకోవడానికి వ్యవధి ఉంది, కండక్టరు ఇంకా చూస్తూనే ఉన్నాడు, అయినా తీసుకోలేదు.

పిట్ట కాసేపు బల్ల మీది వంకాయల్ని చూసింది. ఏడవలేదు. "సార్, మీ సంచీ ఇవ్వండి. ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం," అన్నాడాయన. ముగ్గురికి సరిపడా నింపి ఇచ్చింది.

కండక్టరు వెళ్లిపోయాడు. పనయ్యాక, "పద తల్లీ," అన్నాడు డ్రైవరు. పిట్ట కుర్చీలోంచి కదల్లేదు. "తెలియనివాళ్లతో వెళ్లకూడదని అమ్మ చెప్పింది," అంది. బతిమాలాడు. టీచరమ్మ నచ్చజెప్పబోయింది. "నేనెవరో ఆయనకి తెలియదు టీచర్. ఆయనే చెప్పారు," అంది పిట్ట. అందులో కోపం లేదు, దెప్పడం లేదు. టీచరమ్మ డ్రైవరు ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా ఇంటికి ఫోన్ చేసింది.

తల్లి వానలో తడుస్తూ, కుంటుకుంటూ వచ్చింది. "ఏమన్నారు దాన్ని?" అని భర్తని అడిగింది.

"ఎవరో, పాపం. అందరినీ నాన్నా అంటుంది కాబోలు," అంది పిట్ట. అచ్చం ఆయన గొంతే. ఆ నవ్వు కూడా వదల్లేదు.

తల్లి ఆయన చేతిలోని సంచీ లాక్కుని బల్ల మీద బోర్లించింది. "ఇవి ఎవరింటికో పోవలసినవి," అని టీచరమ్మతో చెప్పి, కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. ఆయన వెనకాల, గొడుగున్నా తెరవకుండా, తడుస్తూ వెళ్లాడు.

ఇంటికెళ్లాక, "తప్పయిపోయింది పిట్టా," అన్నాడు.

"నాతో ఎందుకు చెబుతున్నారు? మీరు గళ్ల చొక్కా అంకుల్‌కి కదా తప్పు చెప్పారు. ఆయనకే సరిగ్గా చెప్పాలి."

మాటలొచ్చిన నాటినుంచీ ఆ పిల్ల ఆయన్ని మీరు అనలేదు. మర్నాడు జడ తల్లి చేతే వేయించుకుంది, దువ్వెన లాగినప్పుడల్లా మూలుగుతూనే. ఆయన తలుపు అవతల నిలబడి ఆ మూలుగు విన్నాడు.

సోమవారం బస్సు ఎక్కాక, చెబుదామనుకుంటూనే స్టాపు తర్వాత స్టాపు దాటించాడు. ఆఖరికి ప్రయాణికులంతా దిగిపోయాక, ఇంజన్ ఆపి, స్టీరింగుకేసి చూస్తూనే అన్నాడు: "ఆ రోజు ఆ అమ్మాయి నా కూతురోయ్. నేను కూరల కోసం రాలేదు."

కండక్టరు చిల్లర సంచీ జిప్పు వేసి, తీసి, మళ్లీ వేశాడు. "కూతురని అప్పుడే అనుకున్నానండీ. ఆ ముక్కు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మీరే చెబుతారులే అని ఊరుకున్నాను." జిప్పు వదిలేసి, "మా ఆవిడకి ధైర్యం చెప్పాను కూడా, మా డ్రైవరు గారూ తెచ్చుకుంటున్నారు, మనకేం సిగ్గు అని. అయితే నేనొక్కణ్నే అన్నమాట," అన్నాడు.

డ్రైవరు ఒక్క మాటతో కూతుర్ని కాదన్నాడు; ఆ మాట దిద్దుకోబోయి ఇతన్ని ఒంటరివాణ్ని చేశాడు. "శనివారం నాతో రా," అని మాత్రం అన్నాడు. అతను వస్తాడని నమ్మకం లేదు.

వచ్చాడు. బల్ల ముందు నిలబడగానే పిట్ట అతన్ని అడిగింది: "ఈయన మీకు సరిగ్గా చెప్పారా?"

"చెప్పారమ్మా. నువ్వు ఆయన కూతురివట."

"అవును," అని సంచీ అందుకుంది. ఆమె వరకు అక్కడితో సరి. పనయ్యాక తండ్రితోనే ఇంటికి నడిచింది.

డ్రైవరుకి మాత్రం అక్కడితో సరి కాలేదు. శనివారాలు లోపలే ఉండి బుట్టలు మోస్తున్నాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "మా అమ్మాయేనండీ" అని చెబుతాడు, కాస్త గట్టిగానే. కండక్టరు ఉన్నప్పుడు మాత్రం గొంతు తగ్గుతుంది. మొన్న ఒక ముసలాయనకి రెండోసారి చెప్పబోతుంటే పిట్ట తలెత్తి, "నాన్నా, చాలు. ఆయనకి టమాటాలు కావాలి," అంది. వరుసలో నలుగురూ నవ్వారు. డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. వంగి టమాటాల బుట్ట ఎత్తాడు.