తప్పు దాటించిన పోగు

నా చిన్నప్పుడు మా వాడకట్టులో నాకు రెండు పేర్లుండేవి. ఒకటి ఇంట్లో పెట్టింది. రెండోది "చెయ్యి తిరగని పిల్ల". ఈ రెండో పేరు నేను కోరి తెచ్చుకున్నది. నా మనవరాళ్లు నమ్మరు గానీ, ఇన్నేళ్ల బతుకులో నేను అంతగా గర్వపడే సంగతి ఇంకొకటి లేదు.

మాది గద్వాలలో నేతపని చేసే ఇల్లు. మా నాన్న తల్లిని మేం జేజి అని పిలిచేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి జేజి మంచానికి అతుక్కుపోయింది. మోకాళ్లలో, నడుములో నొప్పి. ఒక రోజు తక్కువ, ఒక రోజు ఎక్కువ, లేని రోజు మాత్రం లేదు. ఇంట్లో అందరం ఆమె మీద ప్రేమ కొద్దీ కదలనిచ్చేవాళ్లం కాదు. మేమంతా జొన్నరొట్టె తింటుంటే ఆమెకు మాత్రం నెయ్యి వేసిన వరి అన్నం. మధ్యాహ్నం బెల్లం ముద్ద. చెంబు, పాన్‌దాన్, విసనకర్ర అన్నీ చేతికి అందించేది నేనే. "మా జేజిని నేను కాలు కింద పెట్టనివ్వను" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని. ఏడాది తిరిగేసరికి జేజి రవికెకు కుట్లు విప్పి కొత్త గుడ్డ ముక్క వేయాల్సి వచ్చింది. లేపాలంటే ఇద్దరు పట్టాలి. బరువు పెరిగిన కొద్దీ మోకాళ్లు ఇంకా నొచ్చేవి, నొచ్చిన కొద్దీ ఇంకా పడుకునేది.

ఆ చలికాలంలో మా చిన్నత్తకు ఆత్మకూరు సంబంధం ఖాయమైంది. వేసవిలో పెళ్లి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పెళ్లికూతురి చీర మగ్గం మీద ఎవరు నేసినా సరే, పడుగు మాత్రం కన్నతల్లి తన చేత్తోనే పోయాలి. పడుగంటే చీర నిలువు నూలు. అప్పట్లో దూరదూరంగా కర్రలు పాతి, చేతిలో నూలు కండె పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూ పోగులు పోసేవాళ్లు. పోతూ కర్రకు కుడివైపు నుంచి, వస్తూ ఎడమవైపు నుంచి దాటించాలి. ఒక్క పోగు తప్పినా మగ్గం మీద చిక్కే. ఒక చీర పడుగంటే కోసుల కొద్దీ నడక. ఇద్దరు పెద్దత్తలకూ జేజే పోసింది. చిన్నత్తకు మాత్రం మా అమ్మ పోస్తుందిలే అని మా తాతయ్య మెల్లగా అన్నాడు. జేజి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి నాకు ఏడుపొచ్చింది.

పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె భర్త మందులిచ్చే హకీం. ఆయన పోయాక కూడా జనం నూనెల కోసం, కషాయాల కోసం ఆమె గడపే తొక్కేవాళ్లు. ఆమెను వాళ్లూ మేమూ అందరం దాదీమా అనేవాళ్లం. జేజి మోకాళ్లకు నూనె తెమ్మని అమ్మ పంపితే వెళ్లి, నేను చేసే సేవంతా ఏకరువు పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నా.

"సేవ చేస్తున్న అనుకుంటున్నవా బేటీ? నువ్వు మీ జేజి కాళ్లు గుంజుకుంటున్నవ్" అంది. నా మొహం చిన్నబోయింది. అది చూసి దగ్గరికి తీసుకుని, "నొప్పి పోయేది కాదు. అల్లా ఇచ్చిండు, ఉంటది. గని దినాం జరంత నడిస్తే మనిషి నొప్పికి లొంగదు. నడువుమంటే మీ జేజి తిడ్తది. పడుగు నేర్పియ్యమని అడుగు, సూద్దాం" అంది.

మా రెండిళ్ల మధ్య బండ్లు తిరగని సందు ఒకటి ఉండేది. మర్నాడు పొద్దున్నే పాత నూలు తీసుకుని, రెండు కర్రలు దగ్గరదగ్గరగా పాతాను. పడుగు నేర్పమని నేను పట్టుబడితే, జేజిని అమ్మా నాన్నా పట్టుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. నాకు నిజంగానే రాదు. రెండో పోగే తప్పు దాటించాను. జేజి అరుగు మీది నుంచే అరిచింది, తిట్టింది, తల కొట్టుకుంది. చివరికి చూడలేక, గోడ పట్టుకుని లేచి, మూడడుగులు వేసి వచ్చి పోగు సరిచేసింది. మళ్లీ మూడడుగులు వేసి వెళ్లి కూర్చుంది. ఆరడుగులు! నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

ఇలా వారం గడిచింది. ఎనిమిదో రోజున నా చేతికి పని పట్టుబడింది. ఒక్క తప్పు లేకుండా పోశాను. జేజి "వచ్చిందే నీకు!" అని నవ్వి, అరుగు దిగకుండానే ఇంట్లోకి తీసుకుపొమ్మంది. నేను ఎగురుకుంటూ దాదీమా దగ్గరికి పరుగెత్తాను. ఆమె నా మాటలన్నీ విని, "మరి రేపు మీ జేజి ఎందుకు లేస్తది?" అని మాత్రం అడిగింది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేతోళ్ల పిల్లకు పని రావడం ఎంత గొప్పో చెప్పలేను. వచ్చిన పనిని రానట్టు నటించడం నా వల్ల అయ్యేలా లేదు. కానీ తెల్లవారాక, ఇంకొక్కసారి చూడమని జేజిని అరుగు మీద కూర్చోబెట్టించి, కావాలనే పోగు తప్పు దాటించాను, అదీ అరుగుకు దూరంగా ఉన్న కర్ర దగ్గర. రెండు రోజులకోసారి సాయంత్రం పూట ఆ కర్రను ఒక మూర అవతలికి జరిపేదాన్ని.

దారిన పోయేవాళ్లు ఆగి నవ్వేవాళ్లు. నాకు ఆ పేరు పెట్టింది అప్పుడే. నా ఈడు పిల్లలు ఆడుకునేటప్పుడు అదే పాటలా అనేవాళ్లు. మా అమ్మకు తలవంపుగా ఉండేది. ఒకరోజు దాదీమా ఒడిలో పడి ఏడ్చాను కూడా. అయినా మర్నాడు మళ్లీ తప్పు చేశాను.

మధ్యలో ఒకసారి పని చెడింది. ఒకరోజు నొప్పి తక్కువగా ఉందని జేజి హుషారెక్కి, సందు ఆ కొస దాకా నాలుగు సార్లు తిరిగింది. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. దాదీమా వచ్చి కోప్పడింది. "మంచిగున్న దినం ఎగిరితే గిట్లనే ఐతది. బాగున్నా గన్నే అడుగులు, బాగలేకుంటే రెండడుగులు తక్కువ, గంతే" అంది. అప్పటి నుంచి దారి మధ్యలో ఒక ముక్కాలిపీట వేశాం. రెండు సార్లు తిరిగితే కూర్చోవాల్సిందే. కొన్నాళ్లకు జేజి తనంతట తనే అన్నం పళ్లెం పక్కకు జరిపింది. "పని చేసేదానికి అన్నం ఆగుతదా? రొట్టె వెయ్యి" అని మా అమ్మతో అంది. బెల్లం ముద్ద నాకు దక్కింది. జేజి సన్నబడిందని చెప్పను, రవికెకు వేసిన గుడ్డ ముక్క మాత్రం మళ్లీ తీసేయాల్సి వచ్చింది.

మామిడికాయలు కాపుకొచ్చే రోజుల్లో చిన్నత్త చీర నూలు ఇంటికి వచ్చింది. మా తాతయ్య ఆ కండెలు ఎవరికీ ఇవ్వకుండా తీసుకెళ్లి జేజి ముందు పెట్టాడు. మా అమ్మ ఒక్క పొద్దులో పోసే పడుగుకు జేజికి పదకొండు పొద్దులు పట్టింది. అప్పటికి రెండు కాస్తా నాలుగయ్యింది: నాలుగు సార్లు తిరగడం, పీట మీద కూర్చోవడం, మళ్లీ నాలుగు సార్లు తిరగడం. నొప్పికి పెదవి కొరుక్కునేది, కానీ ఆగేది కాదు. సాయంత్రం నూలు మీద దుప్పటి కప్పేవాళ్లం.

మొదటి పొద్దున కండెలు అందించడానికి నన్నే నిలబెట్టింది. నూలు నా చేతికిస్తూ చెవి మెలిపెట్టింది.

"దీంట్ల తప్పు జేసినవంటే తోలు తీస్త. నీకు పని ఎప్పుడో వచ్చిందని నాకు తెల్వదా?"

తెలిసి కూడా రోజూ ఎందుకు లేచావని అడిగాను.

"వాడకట్టంత నవ్వుతుంటే నా కోసం మాటలు వడ్డవ్. నా మనవరాలు అంత చేస్తుంటే, నేను లేవకుంటే ఎట్లనే?" అంది.

పెళ్లినాడు ఆత్మకూరు ఆడవాళ్లు చీర అంచు పట్టి చూసి, పడుగు ఎవరు పోశారని అడిగారు. జేజి గోడ పట్టుకోకుండా నిలబడి, "నేనే. నన్ను నడిపించింది గీ పిల్ల" అని నన్ను ముందుకు తోసింది. మా వీధి ఆడవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. ఆ తర్వాత నన్ను ఆ రెండో పేరుతో ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు నాకు అప్పటి జేజి కంటే వయసు ఎక్కువ. మోకాళ్లు ఆమెవే వచ్చాయి, ఒళ్లు కూడా. నా మనవరాళ్లు మంచివాళ్లు, కూర్చున్న చోటికే నీళ్లు తెస్తారు. వాటిని తీసుకెళ్లి వసారా ఆ కొసన పెట్టమంటాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు. పొద్దున్నే గోడ పట్టుకుని లేస్తాను, నాలుగు సార్లు తిరుగుతాను, పీట మీద కూర్చుంటాను. మొన్న చిన్న మనవరాలు చెంబును నిన్నటి కంటే ఒక మూర అవతల పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. నేనూ ఏమీ ఎరగనట్టే లేచి నడిచాను.