పిల్లి భుజం మీద కనపడని కుట్టు

తాతకి కన్నం అంటే పడదు. దుప్పటికి వేలు దూరేంత కన్నం కనిపిస్తే చాలు, తింటున్న కంచం ముందు నుంచి లేచి సూది వెతుక్కునే రకం. కొత్త కాపురంలో నానమ్మ చెయ్యి తెగితే మందు వదిలేసి సూది దారం పట్టుకొచ్చాడట. ఆవిడ గరిట చూపించి వెనక్కి పంపింది.

నలభై ఏళ్లు దాటింది ఆయన దర్జీ పని మొదలుపెట్టి. పేరంతా చేతికుట్టుది. చిరిగిన కోటు ఇచ్చి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి, చిరుగు ఎక్కడుందో తెలియక కోటంతా తడుముకోవాలి. వాళ్లు అలా తడుముకుంటుంటే తాత తల వంచుకుని, ఏమీ ఎరగనట్టు చాక్‌పీసు సర్దుకుంటాడు. ఆ ఒక్క నిమిషం కోసమే ఈయన బతుకుతున్నాడని నానమ్మ అందరికీ చెబుతుంది.

ఇంటి ముందు గదే కొట్టు. అందులో గోడ పొడుగునా చెక్క బీరువా ఒకటుంది. కుట్టడానికిచ్చి మళ్లీ రానివాళ్ల బట్టలన్నీ అందులోనే. ఒకాయన ఊరు మారాడు, ఒకాయన లావెక్కి సిగ్గుపడ్డాడు, కొందరు అసలు బతికే లేరు. తాత ఒక్కటీ పారెయ్యలేదు. వస్తారులే అంటాడు. అందులో కోట్లే పదిహేడు, ఆ చీకట్లో భుజాలు నిండుగా, తలలు లేకుండా వరసగా నిలబడి ఉంటాయి. తాత ఇంట్లో లేనప్పుడు ఆ తలుపు ఎవరూ తియ్యరు. భయమని మాత్రం ఒప్పుకోరు.

ఇక మేజర్. బూడిదరంగు గండుపిల్లి, ఒక చెవికి కొస లేదు, నడకంతా రిటైరైన మిలిటరీ ఆఫీసరు నడక. తాత ఒడి తప్ప ఇంకెవరి ఒడీ ఎక్కడు. తాత అరవై దాటాక ముద్దు చేసిన ఏకైక ప్రాణి వాడే. ఈ సంగతి నానమ్మ కాస్త కడుపుమంటతోనే చెబుతుంది.

ఒక మధ్యాహ్నం వీధి తలుపు గడియ వేసి ఉంది. నానమ్మ గడప దగ్గర కునుకు తీస్తోంది, తాత బొత్తాలు కుడుతున్నాడు. బీరువాలోంచి పిల్లుల కొట్లాట వినిపించింది. పొద్దున తలుపు ఓరగా ఉన్నప్పుడు మేజర్ దూరి పడుకున్నట్టున్నాడు, ఒక గొంతు వాడిదే. రెండోది లోతుగా, తడిగా, బావి అడుగు నుంచి పైకి వస్తున్నట్టు ఉంది.

తాత తలుపు లాగాడు. లోపల మేజర్ ఒక్కడే, భుజం మీద నెత్తురు. కోట్లన్నీ ఊగుతున్నాయి. బీరువా వెనక చెక్క గట్టిగానే ఉంది, ముందు తాతే నిలబడ్డాడు, ఆయన కాళ్ల మధ్య నుంచి ఏదీ పోలేదు. చెయ్యి పెట్టి తడిమితే, మూలనున్న నల్లకోటు లైనింగ్ వెచ్చగా తగిలింది. ఎవరో ఇప్పుడే విడిచి తగిలించినట్టు.

"రెండోది ఏదయ్యా?" అంది నానమ్మ.

"ఏ రెండోది?"

"నా కళ్లే మసకబారాయి. చెవులు కాదు."

తాత పిల్లిని వెలుగులోకి తెచ్చాడు. మేజర్ భుజం మీద చిన్నచిన్న కన్నాలు మూడు. ఉప్పునీళ్లతో కడిగి అలాగే ఉంచమని, పశువుల డాక్టరమ్మకి చూపిద్దామని నానమ్మ పోరింది. మూడు కన్నాలకి డాక్టరెందుకని తాత సూదిని నీళ్లలో మరిగించాడు, పట్టుదారం ఎక్కించాడు. పిల్లిని తువ్వాల్లో చుట్టి పట్టుకున్నది నానమ్మే, తిడుతూనే. కాసేపట్లో కన్నాలు మాయమయ్యాయి. వెంట్రుకలు దువ్వితే వేసిన కుట్టు కూడా కనపడలేదు. తాత ఆ పూట ఈల వేశాడు.

మూడో రోజుకి మేజర్ తిండి మానేశాడు. బీరువా ముందు పడుకుని, రెప్ప వెయ్యకుండా తలుపుకేసి చూస్తున్నాడు. భుజం నిమ్మకాయంత ఉబ్బింది, ముట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన కాలర్‌లా కాలింది. గదిలో తియ్యటి కుళ్లు వాసన. నొప్పి తగ్గుతోంది కాబట్టే కదలట్లేదని తాత తనకి తానే చెప్పుకున్నాడు. నాలుగో పొద్దున పేరు పెట్టి పిలిస్తే వాడు తల కూడా ఎత్తలేదు. తాత రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు వేసుకుని, వాణ్ణి బుట్టలో పెట్టుకుని పరుగు తీశాడు.

డాక్టరమ్మ మత్తుసూది ఇచ్చి, భుజం మీద బొచ్చు గొరిగింది. పిల్లి కోర సూదిలాంటిదని, పైన చిన్న కన్నం చేసి నోట్లో మురికినంతా అడుగుకి దించుతుందని, దాన్ని మూసేస్తే చీము ఎటూ పోలేక ఒంట్లోకి ఎక్కుతుందని చెప్పింది. దారం పోగు మిగలకుండా తీసెయ్యాలంది. కత్తెర పట్టుకుని వంగింది. భూతద్దం తెప్పించుకుంది. చివరికి తలెత్తింది.

"తాతగారూ, కుట్టు ఎక్కడండీ?"

ఒక్క క్షణం తాత మొహం వెలిగింది. వెంటనే ఆయన నేల చూశాడు.

"నేనే విప్పుతానమ్మా."

కళ్లు మూసుకుని, వేలికొసతో తడుముతూ, జీవితంలో మొదటిసారి తను వేసిన కుట్టుని తనే తెంపాడు. చీము కాలవకట్టింది. ఆఖరి పోగు దాకా తీశాడు. డాక్టరమ్మ గాయం కడిగి, తెరిచే ఉంచమంది. పది రోజులు మాత్రలు, రెండు పూటలా కడగడం, పక్కు కట్టి మూసుకుపోకుండా చూడటం.

"కరిచిన ఆ రెండోదాన్ని దూరంగా ఉంచండి. ఇదే చోట ఇంకో కాటు పడితే ఇది బతకదు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నాలుగు కోరలు దిగాల్సిన చోట మూడే దిగాయి. ముసలిది. కానీ ఇంత వెడల్పు దవడ నేను పిల్లికి చూడలేదు."

ఆ పది రోజులూ తాత, చొక్కా కాలర్లలో పెట్టే గట్టి బక్రం గుడ్డతో గరాటులాంటి కాలర్ కుట్టి, గాయం నాక్కోకుండా మేజర్ మెడకి వేసి ఉంచాడు. మూడు కన్నాలూ తెరుచుకుని ఉంటే చూడలేక మొహం పక్కకి తిప్పుకుని కడిగేవాడు. నానమ్మ నవ్వేది. తాత బీరువాకి తాళం వేసి, ముందు కుట్టుమిషన్ అడ్డం పెట్టాడు. లోపల గోళ్లతో చెక్క గీకుతున్న చప్పుడు వస్తే మిషన్ గట్టిగా తొక్కేవాడు.

పదో రోజు మధ్యాహ్నం మేజర్ లేచాడు. ఒళ్లు విరుచుకుని, నేరుగా బీరువా దగ్గరికి నడిచి, నడుం విల్లులా వంచాడు. లోపలి నుంచి ఆ తడి గొంతు జవాబిచ్చింది.

"ఎవరిదయ్యా ఆ నల్లకోటు?" అని అడిగింది గడప దగ్గర కూర్చున్న నానమ్మ.

కొలతలు తీసుకుంటుంటే ఆ కోటు కుట్టమన్నాయన ఒళ్లు చల్లగా ఉందని తాతకి గుర్తుంది. మొహం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మేజర్‌ని ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. మిషన్ జరిపాడు, తాళం తీశాడు, వీధి తలుపు కూడా బార్లా తెరిచాడు. నల్లకోటు తెచ్చి బయట మెట్ల పక్కనున్న మేకుకి తగిలించాడు. ఖాతాదారుతో మాట్లాడే గొంతుతోనే, బీరువా వైపు తిరిగి అన్నాడు.

"తయారైందండీ. తీసుకెళ్లండి."

ఎవరూ కదల్లేదు. చంకలో మేజర్ తల మాత్రం మెల్లగా తిరిగింది. బీరువా నుంచి నేల మీదుగా, మిషన్ పక్కనుంచి, గడప దాకా. నానమ్మ చాపుకున్న కాళ్లు దగ్గరికి లాక్కుంది. మేజర్ ఒళ్లు సడలింది. కాలర్‌లోంచి నాలుక చాపి, అందని భుజం కోసం తంటాలు పడటం మొదలుపెట్టాడు.

తాత గట్టిగా ఊపిరి వదిలి, తలుపు వెయ్యడానికి వెళ్లాడు.

"కాసేపు ఉండనివ్వు," అంది నానమ్మ బయటికి చూస్తూ. "ఇంకా మెట్లు దిగుతోంది."