బూజులు పెంచిన పెద్దమ్మ

మా పెద్దమ్మని ఆఫీసులో అందరూ బూజమ్మ అనేవారు. ఆవిడ నొచ్చుకునేది కాదు. ప్రభుత్వ పరిశోధనశాల రెండో అంతస్తు చివరి గదిలో, నాలుగు వందల పన్నెండు గాజు గొట్టాల్లో అన్ని రకాల బూజులు పెంచడమే ఆవిడ ఉద్యోగం. రెండు నెలలకోసారి పాత గొట్టంలోంచి సూదితో రవ్వంత తీసి కొత్త గొట్టంలో వెయ్యాలి. లేకపోతే తిండి అయిపోయి చస్తాయి. ఇరవై ఆరేళ్లు వేసింది. కూతురి పెళ్లి తేదీ కూడా వాటి వీలు చూసే పెట్టారని పెదనాన్న ఇప్పటికీ అంటాడు.

పరిశోధనశాలని ఒక కంపెనీకి ఇచ్చేశారు. కొత్త మేనేజరు ఫారాలతో వచ్చాడు. కుర్చీకీ బూజుకీ ఒకటే ఫారం: ఆఖరుసారి ఎప్పుడు వాడారు? మూడేళ్లుగా వాడనివి పారెయ్యాలి. పెద్దమ్మ ప్రతి గొట్టానికీ తను మార్చిన తేదీ వేసింది.

"ఎవరు వాడారండీ ఇన్ని?"

"నేనే బాబూ."

"దేనికి?"

"చావకుండా."

ఫారం ప్రకారం పారెయ్యడానికి వీల్లేదు. మేనేజరు ఫారం పక్కన పెట్టాడు.

"మీకెందుకమ్మా ఈ చాకిరీ? ఒకటో తారీకు నుంచి కింద రిసెప్షన్లో కూర్చోండి. ఈ గదికి తాళం వేద్దాం. ఏడాది తర్వాత అవసరమైతే చూద్దాం."

"అప్పటికి చూడ్డానికి ఒక్కటీ మిగలదు."

"చూసే పని కూడా తప్పుతుంది కదండీ."

"పోనీలేవే, ఇన్నాళ్లకి నీ బూజు వదిలింది," అన్నాడు పెదనాన్న. పెద్దమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆ సంగతి ఆయన మూడో రోజుకి గమనించాడు.

ఒకటో తారీకుకి మూడు వారాలుంది. పెద్దమ్మ అన్నిటినీ కొత్త గొట్టాల్లోకి మార్చింది. అవి ఒత్తుగా పెరిగాక, పారేసే జాబితాలో ఉన్న పారఫిన్ నూనె సీసాలు తెచ్చి, నూనెని బాగా కాచి చల్లార్చి, ఒక్కో గొట్టంలో బూజు మునిగేదాకా పోసింది. మేనేజరు గుమ్మంలో ఆగాడు.

"ఇదేంటండీ మళ్లీ?"

"నూనె బాబూ. ఇక మార్చక్కర్లేదు. గాలాడక, ఎదుగూ బొదుగూ లేకుండా, చావకుండా ఏళ్ల తరబడి అలా పడుంటాయి."

"ఇంత తేలికైతే ముందే పొయ్యలేకపోయారా?"

"పోస్తే నాకు పనేముంటుంది?"

మేనేజరుకి ఈ జవాబు నచ్చింది. ఫారంలో 'ఈ గదికి మనిషి అవసరం లేదు' అని రాసి, పెద్దమ్మ చేతే సంతకం పెట్టించుకుని, తాళం వేశాడు.

ఇప్పుడావిడ రిసెప్షన్లో కూర్చుని, వచ్చినవాళ్ల చేత పుస్తకంలో పేరు రాయిస్తోంది. రోజుకి ఇద్దరో ముగ్గురో వస్తారు. మిగతా పొద్దంతా ఆవిడా ఎదుగూ బొదుగూ లేకుండా అలా పడుంటుంది.