మిషనమ్మ ఫ్రెంచి బేరం

కుట్టుమిషన్ మీదే సంసారం లాక్కొచ్చిన మనిషి కాబట్టి అందరూ ఆవిణ్ణి మిషనమ్మ అనేవారు. దారం గానీ జిప్పులు గానీ, కొట్టువాడితో కాసేపు బేరమాడితే తప్ప ఆవిడకు కొన్నట్టుండేది కాదు. అలాంటిది, కూతురి దగ్గర ఉండటానికి వచ్చాక నోరు కట్టేసినట్టయింది. ఆ ఊళ్ళో కొట్లవాళ్ళంతా ఫ్రెంచే మాట్లాడతారు. ఏది కావాలన్నా వేలు పెట్టి చూపించాలి, లేదంటే కూతురికి తీరికయ్యేదాకా ఆగాలి.

అల్లుడు బస్సు డిపోలో మెకానిక్కు. అత్తగారంటే ఎంత మర్యాదో అంత బెరుకు. "భోంచేశారా అత్తయ్యా?" అంటే "ఆఁ, చేశాను బాబూ" అనడం, అంతటితో ఇద్దరి మాటలూ అయిపోయేవి.

ఒక ఆదివారం అతని డ్యూటీ కోటుకు గుండీలు ఊడిపోయి ఉండటం ఆవిడ కంటబడింది. సూదీ దారం ఉన్నాయి గానీ గుండీలు లేవు. వీధి చివర కుట్టుసామాన్ల కొట్టుంది.

"నేను తెస్తాలెండి అత్తయ్యా, మీకెందుకు శ్రమ?"

"శ్రమ కాదు బాబూ, నామోషీగా ఉంది. గుండీలు కొనడానికి కూడా నాకొకరు తోడు రావాలా? ఏమనాలో చెప్పండి, నేనే వెళ్తాను."

దాంతో అల్లుడు భోజనాల బల్లకు అటువైపు కొట్టువాడై కూర్చున్నాడు. చెంచాలే సరుకు.

"ముందు బోంజూర్ అనాలి అత్తయ్యా. అనకపోతే వాళ్ళకి కోపం."

"పలకరించకుండా అడిగేస్తే ఎవరికైనా కోపమే. తర్వాత?"

"జె వూద్రే, అంటే నాకు కావాలి అని. ఆఖర్న సిల్ వు ప్లే."

"మన 'అండీ' లాంటిదన్నమాట," అని ఆవిడ తేల్చేసింది.

గుండీలంటే బుతోఁ. ఎంత అనడానికి కొంబ్యాఁ. "మరి, ఎక్కువ చెప్తున్నారు అనడానికో?"

"ఇక్కడ బేరాల్లేవు అత్తయ్యా."

"లేకపోతే పోనీండి, మాటైతే ఉంటుందిగా?"

సె షేర్ అంటారని చెప్పడం అతని పొరపాటే అయింది. చెంచాకు ఏ ధర చెప్పినా ఆవిడ "సె షేర్!" అంటుంది. చివరికి అతను, "ఊరికే పట్టుకెళ్ళండి అత్తయ్యా, నేను కొట్టు మూసేస్తాను" అని పగలబడి నవ్వాడు. అత్తగారి ముందు అతనలా నవ్వడం అదే మొదటిసారి. గదిలో బట్టలు మడతపెడుతున్న కూతురు ఏమైందోనని తొంగిచూసింది.

మర్నాడు మిషనమ్మ ఒక్కతే కొట్టుకు వెళ్ళింది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగు ముందు ఒక్కో గుండీ అంటించి ఉంది. బోంజూర్ బాగానే కుదిరింది, అడగడమూ కుదిరింది. అప్పుడు కొట్టావిడ గబగబా ఏదో అడిగింది. మిషనమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అడగడమే నేర్చుకుంది గానీ, అవతలివాళ్ళు కూడా మాట్లాడతారన్న సంగతి అత్తకీ తట్టలేదు, అల్లుడికీ తట్టలేదు.

వెనక్కి వెళ్ళిపోదామా అనుకుంటూనే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా చుట్టి చూపించింది. కొట్టావిడ ఒక గుండీ తీసి, "కొమ్ సా?" అంది. మిషనమ్మ వేళ్ళ చుట్టు కాస్త బిగించింది. ఇంకో గుండీ వచ్చింది. "కొమ్ సా!" అంది ఈసారి మిషనమ్మ. అర్థం తెలియదు గానీ, ఆ మాట సరిగ్గా అతికింది.

ధర చెప్పగానే అలవాటు కొద్దీ "సె షేర్" అనేసింది. కొట్టావిడ కళ్ళద్దాల మీదుగా చూసి ఫక్కున నవ్వింది. ధర ఏమాత్రం దిగలేదు గానీ, సంచీలో ఒక లేసు ముక్క పడింది. మిషనమ్మ దాన్ని కొసరు కింద జమ వేసుకుంది.

సాయంత్రం గుండీలు కుడుతూ, "కొమ్ సా అంటే ఏంటి బాబూ?" అని అడిగింది.

"ఇలాంటిది అని. అది నేను చెప్పలేదే!"

"మీరొక్కరే చెప్పాలా ఏంటి?" అని దారం పుటుక్కున తెంపి, కోటు అతని చేతికిచ్చింది. "రేపు కూరగాయల కొట్టుకి వెళ్తాను. 'ఇవి నిన్నటివి కావుగా?' అని ఎలా అడగాలి?"

అల్లుడు బుర్ర గోక్కున్నాడు. "అది నాకూ రాదు అత్తయ్యా. పొద్దున్నే డిపోలో కనుక్కుని ఫోన్ చేస్తాను. అప్పటిదాకా బయల్దేరకండి."